నంబర్ ప్లేటు మీద స్టిక్కర్ వంకరగా పడింది, పీకి మళ్లీ అంటించొచ్చా?

ఆ స్టిక్కర్‌ని పీకకండి చెల్లీ. మిగతా సమాధానం తీరిగ్గా చదవండి, ముందు ఈ ఒక్క మాట వినండి. గోరు పెట్టి అంచు లేపారంటే అది ముక్కముక్కలుగా చిరిగిపోతుంది. అలా చిరిగిపోవాలనే దాని మీద ముందే సన్నటి గాట్లు పెట్టి ఇస్తారు. ఒకరి ప్లేటు మీది స్టిక్కర్‌ని ఇంకొకరు ఊడదీసి తమ బండికి అంటించుకోకుండా ఆ ఏర్పాటు. ఇప్పుడు మీ దగ్గర వంకర స్టిక్కర్ ఉంది. పీకితే అసలు స్టిక్కరే ఉండదు.

ఇక్కడికి కొత్తగా వచ్చేవాళ్లకి కూడా పనికొస్తుంది కాబట్టి మీరు అడిగింది ఒకసారి చెబుతాను. న్యూజెర్సీలో ఎడిసన్ నుంచి ఈ మధ్యే కాలిఫోర్నియాకి, ఫ్రీమాంట్‌కి మారారు. ఇక్కడే ఇంకో తెలుగువాళ్ల దగ్గర వాడిన కారు కొన్నారు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాగితాలతో వచ్చిన, గడువు ఏ సంవత్సరం దాకా ఉందో చూపించే స్టిక్కర్‌ని మీవారు పాత స్టిక్కర్ల దొంతర మీదే ఒక పక్కకి ఒరిగేలా అంటించేశారు. కింది మూల కాస్త లేచి ఉంది. పార్కింగ్‌లోకి వెళ్లినప్పుడల్లా మీ కళ్లు అక్కడికే పోతున్నాయి. పీకి సరిగ్గా అంటిస్తానంటే ఆయన "నీదంతా చాదస్తం" అంటున్నారు. ముందు ప్లేటుకి కూడా స్టిక్కర్ ఉండాలా, ఊరి నుంచి వచ్చిన అత్తయ్యగారు ప్లేటు మీద పెట్టిన పసుపు కుంకుమ తుడవొచ్చా అని కూడా అడిగారు.

నేను బే ఏరియాలో 15 ఏళ్లుగా వాహనాల రిజిస్ట్రేషన్ సర్వీసులో పనిచేస్తున్నాను. డీఎంవీ, అంటే బళ్ల రిజిస్ట్రేషన్లు చూసే ప్రభుత్వ శాఖ, ఆఫీసులో కూర్చునే తీరిక లేనివాళ్ల కాగితాలు మాలాంటి లైసెన్సున్న ఆఫీసులు చేసిపెడతాయి. స్టిక్కర్ చేతికిచ్చి "పై కుడి మూల, వెనక ప్లేటు" అని ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. అయినా ముందు ప్లేటు మీద, బంపర్ మీద, వెనకద్దం మీద, ఆఖరికి నంబరులో చివరి అంకె మీద అంటించుకుని వచ్చినవాళ్లని చూశాను.

రూలు చాలా చిన్నది. మామూలు కార్లకి స్టిక్కర్లు వెనక ప్లేటుకే. పై ఎడమ మూలలో నెల, పై కుడి మూలలో సంవత్సరం. ముందు ప్లేటు మీద ఏమీ అక్కర్లేదు. 10,001 పౌండ్లు, అంతకు పైన బరువు చూపించిన కమర్షియల్ బళ్లకీ, ట్రెయిలర్లు లాగే ట్రక్ ట్రాక్టర్లకీ మాత్రం ఇది తిరగబడుతుంది. వాటికి స్టిక్కర్లు ముందు ప్లేటు మీద ఉండాలి. ట్రెయిలర్ తగిలించాక వెనక ప్లేటు ఎవరికి కనపడుతుంది మరి! ఏ బండికి ఏ ప్లేటు అన్నది కాలిఫోర్నియా వెహికిల్ కోడ్, అంటే ఇక్కడి వాహనాల చట్టం, 5204 సెక్షన్‌లో ఉంది, ఏ మూల అన్నది డీఎంవీ చెబుతుంది. స్టిక్కర్ ఇన్ని డిగ్రీలకి మించి ఒరగకూడదన్న మాట అందులో ఎక్కడా లేదు. మీ స్టిక్కర్ దాని మూలలో అది ఉండి, మీద అచ్చువేసిన సంవత్సరం చదవడానికి వస్తూ, ప్లేటు నంబరుని కప్పకుండా ఉంటే చట్టం దృష్టిలో అది సరిగ్గా ఉన్నట్టే. కాబట్టి టెన్షన్ పెట్టుకోకండి.

మీరు న్యూజెర్సీ నుంచి వచ్చారు కాబట్టి ఈ గొడవంతా కొత్తగా ఉండటం సహజం. అక్కడ మామూలు కార్ల ప్లేట్ల మీద సంవత్సరం స్టిక్కర్లు ఉండవు. పెన్సిల్వేనియా వాళ్లు కూడా 2016 డిసెంబరు ఆఖరుతో ఆపేశారు. టెక్సాస్‌లో, న్యూయార్క్‌లో రిజిస్ట్రేషన్ స్టిక్కర్ ప్లేటుకి కాదు, ముందద్దానికి లోపలివైపు అంటిస్తారు. అందుకే డాలస్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడి స్టిక్కర్‌ని కూడా అలవాటు కొద్దీ అద్దానికి అంటించేస్తారు. ఇంకో తేడా ఉంది. న్యూజెర్సీలో కారు అమ్మితే ప్లేట్లు అమ్మినవాళ్ల దగ్గరే ఉండిపోతాయి. ఇక్కడ మామూలు ప్లేట్లు కారుతోపాటే వెళ్తాయి. మీకు దొంతర దొరికింది అందుకే. పాత ఓనరు ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం అట్టు మీద అట్టు వేసినట్టు అంటించుకుంటూ పోయారు, ఆ పేర్పు మీకు వచ్చింది.

నెల స్టిక్కర్ ఒక్కసారే ఇస్తారు, ప్లేటు ఉన్నంత కాలం అదే. సంవత్సరం స్టిక్కర్ ఏటా కొత్తది, ఏటా రంగు మారుతుంది. పోలీసు కారు పక్క లేన్‌లో వెళ్తూ అంకె చదవకుండానే రంగు చూసి పాతదో కొత్తదో పోల్చుకోవడానికి ఆ రంగు. ఇక్కడ చాలామంది పొరపాటు పడే సంగతి ఒకటి చెప్పాలి. స్టిక్కర్ మీద నెలే కనపడుతుంది కానీ గడువు నెలాఖరు దాకా ఉండదు. ఫలానా తేదీ అని రిజిస్ట్రేషన్ కార్డు మీద ఉంటుంది. మార్చి అని ఉంది కదా, 31 దాకా టైముందనుకుని 14న గడువు దాటించుకున్నవాళ్లు నెలకి ఇద్దరు ముగ్గురైనా మా కౌంటర్ దగ్గరికి వస్తారు. ఒక్క రోజు దాటినా పెనాల్టీ పడుతుంది. ఆ తేదీని ఫోన్‌లో పెట్టుకోండి, స్టిక్కర్‌ని నమ్ముకోకండి.

డబ్బు కట్టాక కూడా స్టిక్కర్ పోస్టులో రాకపోతే కంగారు పడక్కర్లేదు. కట్టిన రసీదు కారులో పెట్టుకోండి. 2024 జూలై 1 నుంచి ఒక వెసులుబాటు కూడా వచ్చింది. గడువు తీరిన నెల తర్వాత రెండో నెల వచ్చేదాకా, కేవలం స్టిక్కర్ పాతదన్న ఒక్క కారణంతో పోలీసులు చర్య తీసుకోకూడదు. ఇది 2030 మొదలయ్యేదాకా అమల్లో ఉంటుంది. ఇది స్టిక్కర్‌కే కానీ ఫీజుకి కాదు, ఫీజు మాత్రం తేదీ లోపలే కట్టాలి. రిజిస్ట్రేషనే ఆరు నెలలకి మించి పాతబడితే కారుని లాక్కెళ్లే అధికారం కూడా వాళ్లకుంది. మీ కారు మోడల్ ఎనిమిదేళ్లు దాటిన పెట్రోలు బండి అయితే రెండేళ్లకొకసారి స్మాగ్ పరీక్ష, అంటే పొగ కాలుష్యం పరీక్ష, కూడా కావాలి. అది పూర్తికాకపోతే డబ్బు కట్టినా స్టిక్కర్ రాదు. స్టిక్కర్ ఇంకా రాలేదేంటి అని మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి అడ్డుపడేది ఈ స్మాగే.

ఇప్పుడు మీ లేచిన మూల. నిజంగా పట్టించుకోవాల్సింది దాన్నే, వంకరని కాదు. దొంతర మీద అంటించిన స్టిక్కర్ ప్లేటుని పట్టుకుని ఉండదు, కింద ఉన్న పాత స్టిక్కర్‌ని పట్టుకుని ఉంటుంది. అన్నిటికన్నా కిందది ఎండకి ఎండి పట్టు వదిలితే మొత్తం పేర్పంతా ఒక్కసారే ఊడి కార్ వాష్‌లో కొట్టుకుపోతుంది. దొంగకి కూడా దొంతరే సుఖం. సన్నటి బ్లేడు అడుగున దూర్చి లేపితే మీ కొత్త స్టిక్కర్ చిరక్కుండా గట్టి బిళ్లలా ఊడి వస్తుంది. గాట్లు పెట్టిన ప్రయోజనమే పోయింది కదా.

ఈ ఏటికి ఇలా చేయండి. ఎండ ఎక్కకముందు, ప్లేటు పొడిగా ఉన్నప్పుడు, హెయిర్ డ్రయర్‌తో ఆ మూలని జానెడు దూరం నుంచి కొద్దిసేపు వెచ్చచేయండి. మెత్తటి గుడ్డ మడత వేసి, దాని మీద నుంచి బొటనవేలితో మధ్య నుంచి అంచులకి గట్టిగా నొక్కండి. కాసేపు అలాగే పట్టుకోండి. జిగురు మళ్లీ పట్టుకుంటుంది. మూల లోపలికి దుమ్ము పోయి ఉంటే మాత్రం పూర్తిగా అతుక్కోదు, ఉన్నంతలో ఆగుతుంది. ఫెవికాల్, సూపర్ గ్లూ లాంటివి వేయకండి. వచ్చే ఏడు తీయడానికి మీరే ఏడుస్తారు.

వచ్చే ఏడు కొత్త స్టిక్కర్ చేతికి వచ్చిన రోజున, అంతకుముందు కాదు, దొంతర మొత్తం తీసేయండి. డ్రయర్‌తో బాగా వెచ్చచేసి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో ఒక వైపు నుంచి మెల్లగా తోయాలి. కత్తి, షేవింగ్ బ్లేడు వద్దు. ప్లేటు పైన వెలుగుని వెనక్కి తిప్పికొట్టే పొర ఉంటుంది, రాత్రిపూట హెడ్‌లైట్ పడితే నంబరు మెరిసేది దానివల్లే. బ్లేడు గీత పడిందంటే అక్కడ ఆ మెరుపు పోయినట్టే. నెయిల్ పాలిష్ రిమూవర్ కూడా ఆ పొరని తినేస్తుంది. మిగిలిన జిగురుని మందుల షాపులో దొరికే రబ్బింగ్ ఆల్కహాల్ దూదికి అద్ది తుడిస్తే వస్తుంది. తడి పూర్తిగా ఆరనివ్వాలి, తడి మీద అంటిస్తే మొదటి వానకే లేస్తుంది.

ఇక నిటారుగా అంటించడం. ఇది నేను మా నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి. గోడకి రంగు వేసేటప్పుడు వాడే నీలం రంగు పేపర్ టేపు చిన్న ముక్క తీసుకుని, ప్లేటు పై అంచుకి సమానంగా, స్టిక్కర్ కింది అంచు ఎక్కడికి రావాలో అక్కడ అంటించండి. అదే మీ గీత. స్టిక్కర్ వెనక కాగితాన్ని ఒకేసారి లాగేయకుండా సగం ఒలిచి, కింది అంచుని టేపు మీద ఆనించి, కుదిరిందా లేదా చూసుకుని, అప్పుడు మిగతా కాగితం లాగుతూ పైకి నొక్కుకుంటూ వెళ్లండి. ఆఖరికి టేపు తీసేయండి. రెండు నిమిషాల పని. ప్లేటు చుట్టూ ఫ్రేము ఉంటే ముందు అది విప్పండి. ఫ్రేము పెట్టుకోవడం తప్పు కాదు, అది స్టిక్కర్ మీదకి, నంబరు మీదకి ఎక్కితేనే తప్పు. ఫ్రేము ఉండగానే అంటిస్తే సగం స్టిక్కర్ దాని కిందకి పోతుంది, లేదా ఫ్రేముకే అతుక్కుంటుంది.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో నంబర్ ప్లేట్లు రాసేవారు. లారీలు, ఆటోలు, స్కూటర్లు, ఏవి వచ్చినా. ఏపీ 16 అని ఆయన కుంచె ఎన్నిసార్లు తిప్పారో ఆయనకే తెలియదు. రేకు మీద తెల్ల ఎనామిల్ వేసి ఆరాక, సుద్దపొడి పట్టించిన దారాన్ని ఈ చివర మేకుకి కట్టి, ఆ చివర నన్ను పట్టుకోమనేవారు. బిగించి మధ్యలో వేలితో లాగి వదిలితే టప్పుమని రేకు మీద సన్నటి గీత పడేది. పైన ఒకటి, కింద ఒకటి. ఆ రెండు గీతల మధ్యే అంకెలు. రాసి ఆరాక గుడ్డతో సుద్ద తుడిచేస్తే గీతలు మాయం, అంకెలు మాత్రం దండలో పూలలా వరసగా నిలబడేవి. 8 రాసేటప్పుడు పైగుండ్రం కాస్త చిన్నగా, కిందది కాస్త పెద్దగా వేసేవారు. ఎందుకు నాన్నా అంటే, "రెండూ సమానంగా వేస్తే దూరం నుంచి తలబరువుగా కనపడుతుందే, చదివేవాడు దూరంగా ఉంటాడు" అనేవారు. 3కీ 8కీ మధ్య ఖాళీ బాగా తెలియాలని ఆయన పట్టుదల. ఒకసారి ఒక లారీ ప్లేటులో చివరి అంకె కాస్త కిందకి దిగింది. ఓనరు చూడలేదు, డబ్బులిచ్చి తీసుకెళ్లిపోయాడు. నాన్నకి ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే సైకిలేసుకుని లారీ ఆగిన చోటికి వెళ్లి దిద్ది వచ్చారు.

ఇప్పుడు మనవైపు చేత్తో రాసే ప్లేట్ల పని దాదాపు లేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి దేశంలో కొత్త బళ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేటే. అంకెలు రేకులోనే పొంగుతాయి, ఒకసారి బిగిస్తే విరక్కొట్టకుండా ఊడని లాకులు ఉంటాయి. కార్లయితే ముందద్దానికి లోపల ఇంకో స్టిక్కర్ కూడా, పెట్రోలుకి లేత నీలం, డీజిల్‌కి నారింజ రంగు. నాన్న పని పోయిందని నాకు బాధ ఉంది. కానీ 8055 అని ఉన్న నంబరుని "బాస్" అని చదివేలా వంకర్లు తిప్పి రాయించుకునే పిచ్చికి అడ్డుకట్ట పడిందని సంతోషం కూడా ఉంది. అలాంటి ప్లేటు రాయమని ఎవరొచ్చినా నాన్న రాసేవారు కాదు. రెట్టింపు ఇస్తామన్నా సరే.

అందుకే మీవారి "చాదస్తం" అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాలి. చెల్లీ, నంబర్ ప్లేటు మనం చూసుకోవడానికి పెట్టుకునేది కాదు. ఎవరో ఒకరు, మనకి తెలియనివాళ్లు, దూరం నుంచి, వేగంగా, చీకట్లో చదవడానికి పెట్టేది. ఆ చదివేవాళ్లకి అడ్డంపడే వంకరని సరిచేయమనడం చాదస్తం కాదు. చదవడానికి ఏ అడ్డూ లేనిదాని గురించి ఇంట్లో రోజూ గొడవపడితే మాత్రం అది చాదస్తమే. మీ స్టిక్కర్ ఒరగడం రెండో రకం. మీకు చిరాకు కలగడం నాకు అర్థమవుతుంది. గోడమీద ఫొటో ఒక వేలెడు ఒరిగితే నాకూ అన్నం సహించదు. కానీ ఆ చిరాకుని మీరే మోయాలి, మీవారి మీద వేయకూడదు. ఆయన కనీసం గడువులోపల అంటించారు. డ్రాయర్‌లో కవరుతో సహా పెట్టి మర్చిపోయే మగవాళ్లని నేను వారానికి ముగ్గుర్ని చూస్తాను.

అదే మొదటి రకం చాలా ఉంది, మనవాళ్లలో మరీ ఎక్కువ. ముందు ప్లేటు సంగతే తీసుకోండి. 5200 సెక్షన్ ప్రకారం రెండు ప్లేట్లు ఇస్తే రెండూ పెట్టాలి. మన కుర్రాళ్లు కొత్త ఎలక్ట్రిక్ కారు కొని, ముందు బంపర్‌కి కన్నాలు పెడితే అందం పోతుందని ప్లేటుని డిక్కీలో పడేస్తారు. డాష్‌బోర్డు మీద ఆనించి పెట్టేవాళ్లు కొందరు. రెండూ తప్పే. కన్నాలు పెట్టకుండా బిగించే బ్రాకెట్లు దొరుకుతాయి, అవి కొనుక్కోండి. తర్వాతి సెక్షన్ 5201. ప్లేటు ఊగకుండా గట్టిగా బిగించాలి, అంకెలు నిటారుగా ఎడమ నుంచి కుడికి చదవడానికి రావాలి, వెనక ప్లేటు నేల నుంచి 12 అంగుళాలకి తగ్గకుండా, 60 అంగుళాలు మించకుండా ఉండాలి, స్పష్టంగా కనపడే స్థితిలో ఉంచాలి. చూశారా, స్టిక్కర్ విషయంలో నోరెత్తని చట్టం ప్లేటు విషయంలో ఎంత పట్టుగా ఉందో. ఒక్క స్క్రూ మీద వేలాడుతూ పక్కకి వాలిన ప్లేటు నిజంగా తప్పు. నల్లటి ప్లాస్టిక్ కవర్ తప్పు. దుమ్ముపడుతుందని పారదర్శకంగా ఉన్న కవర్ వేసినా తప్పే, దాని మీద వెలుగు పడి కెమెరాకి నంబరు కనపడదు.

కెమెరా అంటే గుర్తొచ్చింది. మీ ఫ్రీమాంట్ పక్కనే ఉన్న డంబార్టన్ వంతెన మీద 2020 నుంచి టోల్ డబ్బు చేత్తో తీసుకునే మనుషులు లేరు. గోల్డెన్ గేట్ మీద 2013 నుంచే లేరు. ట్యాగ్ లేని బండికి ప్లేటు ఫొటో తీసి, ఆ నంబరు ఎవరి పేర ఉంటే వాళ్ల ఇంటికి బిల్లు పంపుతారు. మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయనకి తను ఎప్పుడూ దాటని వంతెనకి బిల్లు వచ్చింది. ఫొటో తెప్పించి చూస్తే అది ఇంకెవరిదో బండి. దాని ప్లేటులో 8 మీద సగం బురద, చూడ్డానికి అచ్చం 3. ఆ బిల్లు రద్దు చేయించుకోవడానికి ఆయనకి మూడు ఉత్తరాలు పట్టాయి.

అందుకే అత్తయ్యగారి బొట్టు గురించి నిక్కచ్చిగా చెబుతున్నాను. తుడవండి. ఆమె మనసు నొచ్చుకోకుండా తుడవండి. మనం కారు కొంటే లివర్‌మోర్ శివ విష్ణు ఆలయానికి తీసుకెళ్లి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కానీ రోడ్డెక్కించం. నేనూ అంతే. కానీ పసుపు, కుంకుమ, గంధం నంబరు మీద, స్టిక్కర్ మీద కాకుండా బానెట్ మీద, డిక్కీ మీద పెట్టమని ముందే చెబుతాను. పసుపు ఆ మెరిసే పొర మీద రెండు రోజులు ఎండిందంటే మరక దిగదు. స్టిక్కర్ మీద సంవత్సరం అంకె మీద కుంకుమ పడితే దూరానికి అది కనపడదు. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. గిన్నెలు తోమే పీచు వాడొద్దు. అత్తయ్యగారికి "నంబరు కనపడకపోతే పోలీసులు ఆపుతారు అత్తయ్యా, పైన పెట్టండి" అని చెప్పండి, ఆమే అర్థం చేసుకుంటారు. మా అత్తగారైతే ఆ తర్వాత నుంచి ప్రతి దసరాకి ప్లేటుని తడిగుడ్డతో తుడిచి, బొట్టు దాని పైన రేకుకి పెట్టడం మొదలుపెట్టారు.

ముందద్దానికి అంటించే వినాయకుడు, ఓం, వెంకటేశ్వరస్వామి నామాల గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. డ్రైవరుకి దూరంగా ఉన్న కింది మూలలో 7 అంగుళాల చదరం, డ్రైవరు వైపు కింది మూలలో 5 అంగుళాల చదరం, ఆ రెండు చోట్ల ఒప్పుకుంటారు. మధ్యలో, కళ్లకెదురుగా పెట్టకూడదు. అద్దానికి వేలాడదీసే దండలు, బొమ్మలు చూపుకి అడ్డమైతే అవీ తప్పే. కొత్త కారు పక్కద్దానికి ధర, వివరాలతో వచ్చే పెద్ద కాగితం 1958 నాటి చట్టం ప్రకారం కారు తయారుచేసిన కంపెనీ అంటించేది. కొన్నవాళ్లు తీసేయొచ్చు, తీసేయాలి కూడా. కొత్త కారని నలుగురికీ తెలియాలని ఆరు నెలలు అలాగే ఉంచి, పక్క లేన్ కనపడక గీతలు పడేలా చేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

అసలు ఈ స్టిక్కర్లెందుకు అని మీవారు అడిగితే ఇది చెప్పండి. కాలిఫోర్నియా రాష్ట్రమే ప్లేట్లు ఇవ్వడం 1914లో మొదలుపెట్టింది, మొదట్లో పింగాణీ పూత వేసిన ఇనుప రేకులు. పాతకాలంలో మళ్లీ మళ్లీ ప్లేటే మార్చేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో లోహానికి కరువొచ్చి, కొత్త ప్లేటు బదులు పాత ప్లేటుకే చిన్న రేకు బిళ్ల తగిలించారు. చట్టంలో స్టిక్కర్‌ని ఇవాళ్టికీ "ట్యాబ్" అనే రాస్తారు. తర్వాత ఆ బిళ్ల చోటులో జిగురు కాగితం వచ్చింది. అమెరికా అంతటా ప్లేటు సైజు 12 అంగుళాలు, 6 అంగుళాలు అని 1956లో కుదిరింది. ఇక్కడి ప్లేట్లు ఫోల్సమ్ జైల్లో ఖైదీలు తయారు చేస్తారు. ఇప్పుడు స్టిక్కర్ అవసరంలేని డిజిటల్ ప్లేట్లు కూడా ఇక్కడ చట్టబద్ధమే, కానీ వాటికి నెలనెలా డబ్బు కట్టాలి. రెండు నిమిషాల టేపు పనికి అంత ఖర్చు అవసరం లేదని నా అభిప్రాయం.

ఒకవేళ ఈ సమాధానం చదివేలోపే పీకేసి ఉంటే, లేదా మూల లేచి నిజంగానే ఊడిపోతే, రెగ్ 156 అనే ఫారం నింపండి. ప్లేట్లు, స్టిక్కర్లు, కార్డు పోయినా పాడైనా అదే ఫారం. కొంత ఫీజు ఉంటుంది. చిరిగిన ముక్కలు పారేయకండి, వెంట తీసుకెళ్లండి. స్టిక్కర్ మీద ఉండే నంబరు మీ రిజిస్ట్రేషన్ కార్డు మీద కూడా ఉంటుంది, రెండూ సరిపోయాయో లేదో ఇప్పుడే ఒకసారి చూసుకోండి. వాడిన కారు కొన్నప్పుడు ఇది అందరూ చేయాలి. ఈలోపు ఎవరైనా ఆపి టికెట్ రాసినా అది సరిచేసుకుంటే కొట్టేసే రకం. కొత్త స్టిక్కర్ అంటించి, పోలీసు చేత సంతకం పెట్టించి, కోర్టుకి 25 డాలర్లు కడితే అయిపోతుంది.

మీ నెల స్టిక్కర్ వెలిసిపోయిందని కూడా రాశారు, దాని గురించి చెప్పడం మర్చిపోయాను. కారుకి అయిదారు అడుగుల వెనక నిలబడి చూడండి. అక్షరాలు తెలుస్తుంటే వదిలేయండి. తెలియకపోతే అదే రెగ్ 156లో నెల స్టిక్కర్ కూడా అడగండి. అది వచ్చాక నీలం టేపు పెట్టి మీరే అంటించండి, ఎడమ మూల మీది, కుడి మూల మీవారిది.